గాలికి ఎదురుగా

"తెడ్లు వేసుకుని రా, కోకో చల్లారిపోతోంది" అంది వెర్నా తెరచాప పడవ మీంచి, రేడియోలో.

"తెడ్లా? అవి నీ పక్కనే ఆరుతున్నాయి చూడు. నిన్న రంగేశాను కదా" అన్నాడు కార్లైల్.

"మోటారు పాతదని తెలిసీ తెడ్లు లేకుండా వెళ్ళావా? రంగేసి ఎవరికి చూపిద్దామని?"

"అందుకేగా పీపాకి కట్టుకున్నాను! లేకపోతే ఒడ్డు మీంచి వీచే ఈ గాలికి మధ్య అమెరికాలో తేలేవాణ్ణి. వాన తగ్గనీ, ఎవరో ఒకరు లాక్కొస్తారు."

పొద్దున్నే రబ్బరు పడవలో చేపలు పట్టడానికి వెళ్ళాడు కార్లైల్. నాలుగు దొరికాక తిరిగొద్దామంటే మోటారు పలకలేదు. దగ్గర్లో తేలుతున్న ఎర్ర పీపాకి తాడు కట్టేసుకున్నాడు. ఆ పీపా కారియాకూ ద్వీపానికి వచ్చిపోయే పడవలన్నిటికీ తెలుసు. సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మ, దానికి ఏళ్ళనాటి గొలుసు, గొలుసు చివర పీపా.

ఇంతలో వాన దిగింది. కొండ, ఒడ్డు, చర్చి, చుట్టుపక్కల పడవలు, అన్నీ తుడిచేసినట్టు మాయమయ్యాయి. ఒకరికొకరు తప్ప వాళ్ళకింకేమీ కనిపించడం లేదు.

వెర్నా కోకో మళ్ళీ వేడి చేద్దామని కిందికి దిగిందో లేదో, రేడియో అరిచింది.

"వెర్నా! లంగరు జారింది! పడవ పోతోంది!"

కప్పు అక్కడే వదిలేసి పైకి పరుగెత్తింది. నిజమే. ఇందాక టోపీ రంగు కూడా తెలిసిన మనిషి ఇప్పుడు వానలో ఓ మచ్చలా ఉన్నాడు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇల్లు అమ్మి కొన్న తెరచాప పడవ అది. మంచం, పొయ్యి, పెళ్ళి ఫొటో, అన్నీ అందులోనే. గాలివానల కాలంలో దక్షిణానికి, అది దాటగానే ద్వీపం ద్వీపం ఆగుతూ ఉత్తరానికి. ఇద్దరికీ వేరే చిరునామా లేదు.

"ఒడ్డు వైపు పోతున్నావు, రాళ్ళ మీదికి!" అన్నాడు కార్లైల్. "గాలికి ఎదురు పోతోంది పడవ! నా జన్మలో చూడలేదు ఇలాంటిది. ప్రవాహం లాగుతున్నట్టుంది."

"నాకేం తెలియడం లేదే. లంగరు గొలుసు బిగుతుగానే ఉంది."

"పడవలో ఉన్నవాళ్ళకి పడవ కదలడం ఎలా తెలుస్తుంది? కట్టేసుకుని కూర్చున్నవాణ్ణి, నాకు తెలుస్తుంది. ఇంకాస్త గొలుసు వదులు!"

మొన్నటి పిడుగుకి పడవ ఎక్కడుందో చూపే మీటర్లన్నీ మాడిపోయాయి, చేతి రేడియోలే మిగిలాయి. చూసుకోవడానికి ఇంకేమీ లేదు. లంగరు జారితే గొలుసు గతుకుల్లో బండిలా అదురుతుందని అతనే నేర్పాడు. వెర్నా గొలుసు మీద చెయ్యి పెట్టింది. అదరలేదు. ఆ మాటే చెప్పింది.

"వానకి చెయ్యి మొద్దుబారి ఉంటుంది. చెప్పింది చెయ్యి!"

పడవలో కెప్టెన్ ఒక్కడే ఉండాలన్నది వాళ్ళ నియమం. ఒకసారి పెద్ద తుపానులోంచి వాళ్ళని బయటపడేసింది కూడా ఆ నియమమే. వెర్నా గొలుసు వదిలింది. ఓ క్షణం అతను దగ్గరైనట్టే అనిపించాడు. మళ్ళీ దూరం. ఇంజన్ వేసి వెనక్కి లాగమన్నాడు. లాగింది. ఎంత లాగినా పడవ మొండికేసింది.

ఇక చేతకాక సహాయం కోసం రేడియోలో కేక పెట్టింది.

ఒడ్డు నుంచి ఎజ్రా తన మరపడవలో వచ్చాడు. రోజూ రొట్టె, మంచు ముక్కలు తెచ్చి అమ్మే ఎజ్రా. అంత వానలోనూ తడుముకోకుండా వచ్చేశాడు.

"కెప్టెన్ ఏడీ?" అన్నాడు ఎక్కుతూనే.

"పీపా దగ్గర. మోటారు చచ్చింది."

"అయితే ముందు ఆయన్ని తెస్తాను."

రేడియో అందుకుంది. "నాకేం తొందర ఎజ్రా! నేను కట్టేసుకుని హాయిగా కూర్చున్నాను. ముందు పడవ చూడు. నా ఇల్లు రాళ్ళకి కొట్టుకుంటే నన్ను తెచ్చి ఎక్కడ పెడతావు? మీ ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

"కోళ్ళగూట్లో చోటుందిలెండి" అన్నాడు ఎజ్రా. ఎవరూ నవ్వలేదు.

ఇద్దరూ కలిసి కింది అరలోంచి రెండో లంగరు పైకి లాగారు. చిక్కుపడిన తాడు విప్పారు. వెర్నా వేళ్ళు చీరుకుపోయాయి. లంగరు నీళ్ళలో పడేసి తలెత్తేసరికి మచ్చ కూడా లేదు. ఎటు చూసినా వానే.

"రాళ్ళు దగ్గరయ్యాయా?" కార్లైల్ గొంతు సన్నగా వచ్చింది.

"ఏమో. ఏమీ కనిపించడం లేదు. నువ్వూ కనిపించడం లేదు."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"భయపడకు పిచ్చిదానా. ఎజ్రా ఉన్నాడుగా. నేనూ ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను."

ఆ తర్వాత రేడియోలో గరగర తప్ప మరేమీ లేదు. వెర్నా పిలుస్తూనే ఉంది.

కాసేపటికి వాన తెరిపిచ్చింది. వెర్నా ముందు రాళ్ళ కోసం చూసింది.

రాళ్ళు, చర్చి గంట, చేపల షెడ్డు, అన్నీ పొద్దున్న ఎంత దూరంలో ఉన్నాయో అంతే దూరంలో ఉన్నాయి. ఎర్ర పీపా ఉండాల్సిన చోట మాత్రం ఉత్త నీళ్ళున్నాయి.