కొత్త జిప్పు

"నేను వేసుకోనక్కా. లోపల ఎవరో ఉన్నట్టుంది."

ఆ మాట అనేసి తమ్ముడు మేకప్ గది మూలకి జరిగాడు. అక్కకి ఒళ్ళు మండింది. బయట హాల్లో, ఇంట్లో కుట్టిన సైన్స్ ఫిక్షన్ వేషాల పోటీ సగానికి వచ్చింది. ఇంకో ఇద్దరు అయితే వీడి వంతే.

"ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటివాడేరా. లోపల ఎవరుంటారు, పాత పరుపు స్పాంజీ, రెయిన్‌కోటు గుడ్డా తప్ప?"

"పట్టుకుని చూడు. వెచ్చగా ఉంది."

"ఇన్ని లైట్ల కింద వేలాడుతుంటే వెచ్చగా ఉండక చలి పుడుతుందా?"

గోడ మేకుకి వేలాడుతున్న గ్రహాంతరవాసి మాత్రం ఎవరి పక్షమూ వహించలేదు. బూడిద రంగు ఒళ్ళు, గీతలు పడ్డ సీడీలు ముక్కలు చేసి అతికించిన పొలుసులు, ముఖం ఉండాల్సిన చోట నల్లటి అద్దం. తల, చేతి తొడుగులు, బూట్లు అన్నీ కలిపి ఒకటే ఒళ్ళుగా కుట్టింది అక్క. లోపలికి దూరాలంటే వీపు మీద జిప్పు ఒక్కటే దారి. ఆ జిప్పు పళ్ళు కాస్తా నిన్న ఊడిపోయాయి. పొద్దున్నే దాన్ని మార్చే హడావిడిలో ఆమె కాఫీ కూడా తాగలేదు.

యూనిఫాం ఫ్యాక్టరీలో ఆమె కుట్టేది కాలర్లు. వట్టి కాలర్లే. చొక్కా మొత్తం ఎలా వచ్చిందో చూడాలంటే, అది తొడుక్కున్న పిల్లలు రోడ్డు మీద ఎదురుపడాలి. ఇవాళ జడ్జిగా వచ్చినావిడ నాటక కంపెనీలో వేషాలు కుట్టించే మేడమ్. నచ్చితే కుట్టినవాళ్ళని పనిలోకి తీసుకుంటానంది. అయితే కుట్టినవాళ్ళు స్టేజీ ఎక్కకూడదు. ఎవరు కుట్టారో వేషం కట్టినవాళ్ళే మైకులో చెప్పాలి.

"నువ్వు చెప్పాల్సింది ఒక్క ముక్క. 'దీన్ని కుట్టింది మా అక్క.' ఏదీ, చెప్పు."

"దీ... దీన్ని మా అక్క... కుట్టి..."

"నా ఖర్మ. నువ్వు ఒక్కరోజూ రిహార్సల్‌కి రాకపోతివి. హ్యాంగరుకి తగిలించి దీనికే నేర్పించా. ఇలా నడువు, ఇలా వంగు, అడిగితే ఈ ముక్క చెప్పు అని. నీకంటే ఇదే నయంరా, బుద్ధిగా వింది."

తమ్ముడు వేషం వంక చూసి చప్పున తల తిప్పుకున్నాడు.

వాలంటీరు తలుపు తోసుకొచ్చి, కుట్టినవాళ్ళంతా ముందు వరసలోకి రావాలని చెప్పింది. అక్క గొంతు మెత్తబడింది.

"ఒరే, బతుకంతా కాలర్లు కుట్టలేన్రా. ఈ ఒక్కసారికి నా మాట విను."

వాడు తలూపాడు. ఆమె వెళ్ళి కూర్చుంది.

నంబరు పిలిచారు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు తెర పక్కనుంచి వేషం బయటికొచ్చింది.

గోల చేద్దామని సిద్ధంగా ఉన్న కుర్రకారు నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. నేల అనేది ఒకటుంటుందని అప్పుడే తెలిసినట్టు, అది ఆచితూచి అడుగులేసింది. తమ్ముడి భుజాలు జారుడుబండలు. ఎంత స్పాంజీ కూరినా నిలబడవు. ఇప్పుడు నిండుగా నిలబడ్డాయి. అది కిందికి చూడకుండానే స్టేజీ మెట్లు దిగింది. ముందు వరస దాకా వచ్చి, సరిగ్గా ఆమె ఎదుట ఆగి, నేర్పినట్టే వంగింది. నల్లటి అద్దంలో ఆమెకి తన ముఖమే కనబడింది.

చప్పట్లు మోగిపోయాయి. జడ్జి మేడమ్ లేచి నిలబడి మరీ కొట్టింది. వేషం వెనుదిరిగి మళ్ళీ మెట్లెక్కింది.

వీడికి ఇంత విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో అనుకుంటూ అక్క కళ్ళు తుడుచుకోబోయింది. రుమాలు కోసం బ్యాగులో చెయ్యి పెడితే ప్లాస్టిక్ కవరు గరగరమంది. బయటికి తీసింది. కొత్త జిప్పు. కవరు చింపనైనా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున పాత జిప్పు పీకేసింది. గుడ్డ జారకుండా మెడ నుంచి నడుం దాకా మిషను మీద గట్టిగా కుట్టేసింది, కొత్తది బిగించాక విప్పుదామని. ఇంతలో గుమ్మంలో వ్యానువాడు హారన్ కొట్టాడు. వేషం మడిచి, చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

తలెత్తి చూసింది. వేషం వీపు ఇటే ఉంది. కుట్టు మెడ నుంచి నడుం దాకా ఒక్క పోగు కూడా తెగలేదు.

ఆమె స్టేజీ వెనక్కి పరుగెత్తింది. మేకప్ గదిలో మేకు ఖాళీగా ఉంది. వెనక మెట్ల మీద, చొక్కా ప్యాంటుతో, తల వంచుకుని కూర్చున్నాడు తమ్ముడు.

"తిట్టకక్కా. ఒట్టు, వేసుకుందామనే చేతిలోకి తీసుకున్నా. జిప్పేదీ? దూరే దారే లేదు. అంతలో నంబరు పిలిచేసరికి భయమేసి, దాన్ని మేకుకే తగిలించి ఇటొచ్చేశా. నీ నోటికాడ కూడు చెడగొట్టాను."

ఆమె వాడి భుజం గట్టిగా పట్టుకుంది.

హాల్లో చప్పట్లు ఆగాయి. మైకులో జడ్జి మేడమ్ గొంతు వినబడింది. "చాలా బాగుంది. ఇంతకీ దీన్ని కుట్టిందెవరు?"

కాసేపు మైకుకి గుడ్డ రాసుకుంటున్న చప్పుడే వచ్చింది. ఆ తర్వాత, మాటలు అప్పుడే నేర్చినట్టు, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ ఒక గొంతు పలికింది.

"నన్ను... కుట్టింది... మా అక్క."