పొట్టి కాలి నిచ్చెన

కారు షెడ్డులో మంచి లైటు పెట్టమనీ, పైన ఖాళీగా ఉన్న చోట అటక వెయ్యమనీ టాక్సీ డ్రైవరు భార్య బతికినన్నాళ్లూ పోరింది. "ఊరందరి పనులకీ తిరుగుతావు, ఇంటి పనంటే మాత్రం నీకు చేతులు రావు" అనేది. తీరా ఆమె పోయాకే అతనికి తీరిక దొరికింది.

ట్యూబులైటు వెయ్యగానే షెడ్డు పట్టపగలులా అయింది. ఆ రాత్రే నిచ్చెనెక్కి అటకకి ఆఖరి బోల్టు బిగించాడు. ఆమె చీరల పెట్టె రెండు చేతులా పైకి నెట్టాడు.

అప్పుడు తట్టింది. నిచ్చెన ఊగడం లేదు.

దానికి ఒక కాలు పొట్టి. కింద ఆమె పట్టుకోకపోతే టకటకలాడుతూ ఊగిపోయేది. కావాలనే ఓ పక్కకి ఒరిగి చూశాడు. కదల్లేదు.

షెడ్డంతా నిశ్శబ్దం. లైటు మాత్రం సన్నగా గీపెడుతోంది. ఇంత వెలుగులో ఒక్కసారి కిందికి చూస్తే చాలు, తెలిసిపోతుంది. చూడలేకపోయాడు.

"చేతులు నొప్పెడుతున్నాయా?" అన్నాడు గోడకేసి చూస్తూ. "ఇంకాసేపే. అయిపోవచ్చింది."

జేబులోంచి పానా తీసి, బిగించిన బోల్టునే మళ్లీ వదులు చెయ్యడం మొదలుపెట్టాడు.