తాగినోడు

ఉల్లిగడ్డల గంప ఎత్తుకుని లేచిన ఏసేపు, రెండడుగులు తూలి గట్టు మీద పడ్డాడు. గడ్డలన్నీ కాలవలోకి దొర్లిపోయాయి.

"పొద్దున్నే తాగొచ్చినావా, ముసిలోడా?" మేస్త్రీ బసవరాజ్ అరిచాడు.

"అవునప్పా, తాగినా. ఏమిప్పుడు?" ఏసేపు అంతకన్నా గట్టిగా అరిచాడు.

కూలీలందరూ నవ్వారు. పక్క సాలులో ఉన్న కోడలు రెజీనాకు తల కొట్టేసినట్టయింది. విసురుగా వచ్చి మామను లేపబోయింది. మందు వాసన రాలేదు.

"నువ్వు తాగలేదే! అబద్ధమెందుకు చెప్తాండావు మామా?"

"నోరు మూసుకోని నీ పని చూసుకో."

"ఎందుకు మూసుకోవల్ల? అందరూ తాగుబోతని నవ్వుతాంటే!" ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "మా మామ చుక్క ముట్టలేదన్నా. వంగి లేస్తే కండ్లు తిరుగుతాండాయి. ఇంట్లో కూడా గోడ పట్టుకొనే నడుస్తాండాడు."

బసవరాజ్ అరుపు ఆగిపోయింది. ఏసేపును కిందినుంచి పైదాకా చూశాడు.

"తాగినోడైతే రేపు తాగకుండా రమ్మని చెప్తా. ఇట్లాంటోడు చేన్లో పడి చస్తే ఎవురు జవాబు చెప్పల్ల? రేపట్నుంచి రావద్దు."

మేస్త్రీ వెళ్ళిపోయాడు. రెజీనా చేయి అందించింది. ఏసేపు ఆ చేతిని విదిలించి కొట్టాడు.

"ఇంగ ఏ చేనోళ్ళూ నన్ను పిలవరు. సంతోషమేనా?"

అతడు మోకాళ్ళ మీద పాకుతూ కాలవలోని గడ్డలు ఏరసాగాడు. ఆమె కూడా వంగబోయింది.

"ముట్టొద్దు," అన్నాడు ఏసేపు. "ఈ పొద్దుకు ఇది నా పనే."