సబ్బు తగలని గిన్నె

"సబ్బు తగిలిందంటే నీకూ నాకూ చెల్లు!" అంటూ దామోదర్ సింకుకి అడ్డం నిలబడ్డాడు.

"నా చేతిలో సబ్బేదండీ? వట్టి వేణ్ణీళ్ళేగా!" అంది వసుమతి. "మీ ఇంట్లో దేవుడి గిన్నెలకైనా ఇంత మడి పాటించగా చూళ్ళేదు."

ఆ మడంతా టీ తాగే ఓ మట్టి గిన్నెకి. కిందటేడు, అంటే ఎనభై మూడులో, కంపెనీ పని మీద జపాను నుంచి వచ్చిన నిషిదా గారు, "మా అన్నయ్య స్వయంగా చేత్తో చేశాడు, జాగ్రత్త" అని దామోదర్ చేతుల్లో పెట్టి వెళ్ళారు. ఇవాళ మళ్ళీ వస్తున్నారు, గిన్నె ఎలా ఉందో చూడ్డానికి. దాన్ని తను ఎలా సాకుతున్నాడో శాంటా క్లారా ఆఫీసంతా వినబడేలా డప్పు కొట్టుకున్నాడు దామోదర్. దానిమీద వెంట్రుకంత గీత కనబడినా సోమవారం తలెత్తుకోలేడు.

"నీడనే ఆరబెట్టావా?"

"ఆఁ."

"ఎంగిలి అంట్లలో కలపలేదుగా?"

"కలపలేదు. తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున దిష్టి కూడా తీశాను."

దామోదర్ గిన్నెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఉగాది నుంచీ చూడు, రంగెలా తిరిగిందో! సాకే చేతిని బట్టి నిగ్గు తేలుతుందిట మట్టి. ఏమనుకున్నావో, వాళ్ళ దేశంలో ఇలాంటి గిన్నె కోసం దొరలు ఊళ్ళకి ఊళ్ళు రాసిచ్చేవారు!"

"అయితే మనకో ఊరొచ్చినట్టే."

"నవ్వకు. సాయంత్రం కాలేజీ క్లాసు మానెయ్యి. ఆ గోళ్ళేమిటి, ఆ మట్టేమిటి? పెద్దమనిషి వచ్చే వేళకి!"

"మట్టిపని చేస్తే మట్టే అంటుకుంటుంది మరి."

పెరట్లో గోంగూర మొక్కల పిచ్చి ఈవిడకి బాగా ముదిరిందనుకున్నాడు దామోదర్.

నిషిదా గారు వచ్చారు. వాచీ గిన్నెకి గీసుకుంటుందేమోనని ముందే తీసి జేబులో వేసుకుని, తివాచీ మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నారు. అది చూసి దామోదర్ తన పెళ్ళి ఉంగరం తీయబోయాడు. పెళ్ళినాటి వేలు కాదుగా, రాలేదు. ఆ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

ఆయన ఆ గిన్నెలోనే తాపీగా టీ తాగారు. చెయ్యి జారినా పగలకుండా గిన్నెని తివాచీకి ఆనీ ఆననట్టు పట్టుకుని, ఒక్కో పక్కకీ తిప్పి చూశారు. తలకిందులు చేశారు. అడుగుని వేలితో తడిమారు.

"దామోదర్ గారూ, ఇది మా అన్నయ్య చేసిన గిన్నె కాదు."

దామోదర్ గబుక్కున ముందుకి వంగాడు. "అయ్యయ్యో, అదేనండీ! ఏడాదిగా కళ్ళలో వత్తులు వేసుకుని..."

"కాదు. మా అన్నయ్య చెయ్యి బరువు. ఇది పిట్టలా ఉంది. ఈ అంచు చూడండి, పెదవి ఎక్కడుందో దానికే తెలిసినట్టు వచ్చి ఆనుతోంది." ఆయన గిన్నెని కిందపెట్టి, దానికి వంగి దండం పెట్టారు. "అన్నయ్య చూశాడంటే కుళ్ళుకుని వారం రోజులు అన్నం మానేస్తాడు. చేసిన మనిషి అడుగున గుర్తు పెట్టుకున్నారు గాని, నాకా లిపి రాదు. కాస్త చదివి పెడతారా?"

దామోదర్ గిన్నె బోర్లించాడు. ఏడాదిలో ఎన్నిసార్లు దాని గొప్ప చెప్పుకున్నాడో గాని, అడుగు చూడ్డం ఇదే మొదలు. పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో గీసినట్టు, గుండ్రంగా, నెత్తిన తలకట్టుతో, నిక్షేపంలాంటి తెలుగు 'వ'.

తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో వసుమతి. మట్టి గోళ్ళ చేతులు నడుం మీద పెట్టుకుని ధీమాగా నిలబడి ఉంది.

"అసలుది ఉగాదికి ముందే నా చేతిలో పగిలిందండీ," అంది. "అప్పట్నుంచీ మీరు సబ్బు తగలనివ్వకుండా సాకుతున్నది, కాలేజీ మట్టిపని క్లాసులో నేను చేసిందాన్నే!"