చివరి గదిలో హోరు

మళ్లీ ఫ్యూజు ఎగిరింది.

బిష్కెక్‌లో ఓ పాత అయిదంతస్తుల భవనం. దాని నేలమాళిగలో కుబాత్ నడుపుతున్న గేముల క్లబ్బు ఒక్కసారిగా చీకటైపోయింది.

"చచ్చాం!" అన్నాడు అతని భాగస్వామి తిలెక్. "తనిఖీవాళ్లు మధ్యాహ్నమే వస్తామన్నారు కదరా!"

క్లబ్బు కంప్యూటర్లన్నిట్లోనూ ఉన్నవి సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలే. ఊళ్లో అందరివీ అవే. కానీ ఈ మధ్య తనిఖీలు మొదలయ్యాయి, దొంగ కాపీ కనబడితే కంప్యూటర్లు మోసుకుపోతున్నారు. అసలువి కొనాలంటే కుబాత్ తనను తాను అమ్ముకున్నా చాలదు. మిగిలింది ఒకటే దారి. రాసినవాళ్లే అందరూ వాడుకోండని వదిలేసిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను దించి, అన్నిట్లోనూ ఎక్కించెయ్యాలి. పొద్దున్నుంచీ అదే దిగుతోంది.

కుబాత్ తడుముకుంటూ వెళ్లి ఫ్యూజు వేశాడు. డౌన్‌లోడ్ ఆగినచోటి నుంచి మళ్లీ కదిలింది.

"నా మాట విని నాలుగు గేమ్ కన్సోళ్లు కొనుంటే ఈ తంటా ఉండేదా? డిస్కు పెట్టు, ఆడు, అంతే," అన్నాడు తిలెక్.

"కన్సోలంటే తాళం వేసిన పెట్టెరా. డబ్బులు మనవి, తాళంచెవి తయారుచేసినవాడి జేబులో."

"నీ కంప్యూటర్లకు తాళం లేదుగా, హాయిగా ఎత్తుకెళ్తారు."

"నోర్ముయ్. బులక్ ఉండగా మనకేం కాదు."

దేశం బయటి నుంచి ఏది దించుకున్నా బిల్లు వాచిపోయే రోజులవి. లోపలివైతే ఎంత దించుకున్నా ఉచితం. అందుకే ఎవరో పుణ్యాత్ముడు లోకంలోని ఉచిత సాఫ్ట్‌వేరంతా తెచ్చి ఇక్కడ ఒకచోట పోసిపెట్టి, దానికి బులక్ అని పేరు పెట్టాడు. అంటే నీటి ఊట. ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఏదో విశ్వవిద్యాలయంలో, పెద్ద హాల్లో, తెల్లకోట్లవాళ్లు బులక్‌ను కాపలా కాస్తుంటారని కుబాత్ ఊహ. ఆయన కనబడితే గొర్రెను కోసి విందు చేస్తానని అందరితోనూ అనేవాడు.

ఫ్యూజు మళ్లీ ఎగిరింది.

ఈసారి కుబాత్‌కు ఒళ్లు మండింది.

"ఎవడో మన కరెంటు లైను మీద పడి తింటున్నాడు. వాడి పని చెప్పొస్తా."

ఫ్యూజు వేసి నడవలోకి వచ్చాడు. అటూ ఇటూ ఇళ్లవాళ్లు చలికాలానికి ఆలుగడ్డలు, ఊరగాయ సీసాలు దాచుకునే చిన్న గదులు. చివరి గదిలోంచి సన్నగా హోరు వినిపిస్తోంది. తలుపును కాలితో తన్నాడు.

లోపల మూత లేని పాత కంప్యూటరు, పక్కన కారు బ్యాటరీ. చేతులకు ఉన్ని తొడుగులతో ఒక ముసలాయన. పై వాటాలోకి కొత్తగా వచ్చిన మనిషి. మెట్ల మీద ఎదురుపడినా కుబాత్ ఏనాడూ పలకరించలేదు.

"మా కరెంటు తాగుతున్నది నువ్వా తాతా?"

"దీనిదెంత బాబూ, ఒక బల్బు పాటి. మీ దగ్గర హీటరేమైనా ఉందేమో చూడు."

హీటరు ఉంది, కుబాత్ కుర్చీ కిందే. ఆ మాట అతను చెవిన వేసుకోలేదు.

"ముందు దీన్ని ఆపు."

"ఇప్పుడు కాదు బాబూ. అవతల మనిషున్నారు."

"ఎవరు?"

"తెలీదు."

"తెలీని మనిషి కోసం నా క్లబ్బు మూసుకోమంటావా?"

కుబాత్ గోడకున్న ప్లగ్గు లాగేశాడు. హోరు ఆగలేదు.

"బ్యాటరీ మీద నడుస్తుంది," ముసలాయన బతిమాలాడు. "మీ కరెంటు ముట్టుకోను. ఆ మనిషి పనయ్యేదాకా ఇలాగే నడుపుకుంటాను."

"నేనటు తిరగ్గానే మళ్లీ పెట్టుకుంటావు, నాకు తెలీదా!"

"లాగకు! పాత డిస్కు, పద్ధతిగా ఆపాలి, ఒక్క నిమిషం..."

కుబాత్ బ్యాటరీ తీగ పీకేశాడు. లోపల టక్కుమని చప్పుడై హోరు ఆగిపోయింది.

"పీడ వదిలింది," అంటూ క్లబ్బులోకి వచ్చి కూర్చున్నాడు.

తిలెక్ తెర వైపే చూస్తున్నాడు. "డౌన్‌లోడ్ కదలట్లేదురా."

"కేబుల్ చూడు."

"చూశా. కరెంటుంది, నెట్టుంది. బులక్కే పలకట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే. నువ్వక్కడ ఎవరి మీదో అరుస్తున్నావే, అప్పుడు."

కుబాత్ కుర్చీలోంచి లేచాడు. అప్పుడు తెలిసింది అతనికి, కాళ్ల దగ్గర ఎర్రగా కాలుతున్న హీటరు వేడి.

చివరి గదికి పరుగెత్తాడు. వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు దిగివస్తోంది.

తనే తీగ కలిపాడు. డిస్కు టక్, టక్ అని కొట్టుకుంది తప్ప తిరగలేదు. ముసలాయన దాని మీదికి వంగి చెవి పెట్టి కాసేపు విన్నాడు.

"ఇంక తిరగదు బాబూ."

 కుబాత్‌కు తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

ముసలాయన తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన బాధ వేరేగా ఉంది.

"నాదేముందిలే. పొద్దున్నుంచీ ఎవరో ఒక్కరే దించుకుంటున్నారు. పాపం, మధ్యమధ్యలో తెగిపోతున్నా విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వచ్చారు, ఇంకాస్తలో అయిపోయేది. మీ క్లబ్బుకొచ్చే వాళ్లలో ఎవరైనా అయితే, బులక్ ముసలాడు క్షమించమన్నాడని కాస్త చెప్పు బాబూ."