ఏసేపు పిడికెడు

నాగప్ప గట్టు జరిపాడు.

ఎర్రిస్వామికి సొంత చిన్నాయన. గోనెగండ్లలో పక్కపక్క చేలు. ఏటికి మూరెడు చొప్పున జరుపుకుంటూ వచ్చి, చివరికి బావిని కూడా తన వైపు కలుపుకున్నాడు. ఇదేమని అడిగిన ఎర్రిస్వామిని పదిమందిలో చెప్పుతో కొట్టించాడు.

ఆ నాగప్ప కాలు విరగ్గొట్టాలి.

ఆదోని పత్తి మిల్లులో హమాలీగా చేరిన రోజు నుంచి ఎర్రిస్వామి కోరిక అదొక్కటే. దానికోసం ఒక వెదురు కట్టెకు నూనె పట్టించి గది మూలన పెట్టుకున్నాడు.

గదిలో రెండోవాడు ఏసేపు. అరవై దాటినా ఇంకా పత్తి కుక్కిన బోరాలు మోస్తున్నాడు. ఇద్దరికీ ఒకే పొయ్యి.

ఏసేపుకు ఒక అలవాటుంది. బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి గుడ్డసంచిలో పోస్తాడు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతాడు. ఆ తర్వాతే ఎసరు.

జ్వరమొచ్చినా అంతే. డబ్బాలో రెండు పిడికిళ్లే ఉన్నా అంతే.

“పాస్టరుకా అన్నా?”

“చర్చికి ఆదివారం వేరే ఇస్తాలేప్పా.”

“మరి ఇదెవురికి?”

“ఎమ్మిగనూరులో ఒకాయనుండాడు. పక్షవాతమొచ్చి మంచం పట్టినాడు. కొడుకులు ఉండేదంతా అమ్ముకొని బెంగళూరు పోయినారు.”

“సుట్టమా?”

“తెలిసినోడు.”

“తెలిసినోడికే ఇంతైతే, సుట్టానికి కుండ కూడా ఇచ్చేస్తాంటివేమో!”

ఏసేపు నవ్వాడు. “మొదట్లో సెయ్యి రాలేదప్పా. సగం మళ్లా డబ్బాలోకే జారిస్తాంటి. ఐనా దినామూ తీస్తి. మనసైనపుడు సేస్తే పని జరగదు, దినామూ సేయాల. ఏడాదికి సెయ్యి తెరుసుకునె. నన్ను కట్టిండే తాళ్లన్నీ తెగిపోయినట్లాయ.”

“అంత పిసినారోడివా నువ్వు!” అన్నాడు ఎర్రిస్వామి.

మధ్యాహ్నం మిల్లులో మిషన్లు ఆగినా దూది తేలుతూనే ఉంటుంది. రేకుల సందుల్లోంచి పడే ఎండలో అది పైకి పోతోందో, కిందికి దిగుతోందో తెలియదు. గోడలు కనిపించవు. మనుషులకు బరువుండదు.

ఆ తెల్లదనంలో ఏసేపు పత్తి బోరానికి ఆనుకుంటాడు. ఆనుకోగానే నిద్ర, పాలు తాగిన బిడ్డలాగా.

ఎర్రిస్వామి కళ్లు మూస్తే నాగప్ప కనిపిస్తాడు. పదేళ్లుగా అంతే.

“నీ నిద్ర సూస్తే నాకు కడుపు మండుతాదన్నా.”

“నువ్వూ పండుకోప్పా.”

“ఆ నాగప్ప కాలు విరిగిన దినం పండుకుంటా సూడు, రెండు దినాలు లేయను.”

“ఆయన పేరు దినానికి ఎన్నిసార్లు తల్సుకుంటావు?”

“లెక్క పెట్టినోడెవుడు?”

“నేను ఒక్కసారే తల్సుకుంటా.”

“ఎవుర్ని? దేవున్నా?”

ఏసేపు అప్పటికే నిద్రపోయాడు.

సీజను చివరి వారం ఒకరోజు అలాగే పడుకున్నాడు. మిషన్లు మళ్లీ తిరిగాయి. ఏసేపు లేవలేదు. మీసాల మీద దూది మెల్లగా పేరుకుంటోంది. ఊపిరికి కదలడం లేదు.

పాస్టరు ప్రార్థన చేశాడు. నలుగురు హమాలీలు మట్టి చేశారు.

గదిలో సగం నిండిన సంచి మిగిలింది. ఎమ్మిగనూరు ఇంటి గుర్తులు పాస్టరు చెప్పాడు.

‘ఇది ఇచ్చేసి, అట్నుంచి అటే గోనెగండ్లకు పోతా’ అనుకున్నాడు ఎర్రిస్వామి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కట్టె. ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

మగ్గాల సందు చివర రేకుల ఇల్లు. మంచం మీద ముసలాయన, నోరు ఒక పక్కకు పోయింది. ఆయన భార్య అంజినమ్మ సంచిని చూసి గుర్తుపట్టింది.

“ఏసేపన్న రాలేదా?”

“పోయినాడమ్మా. బేస్తవారం.”

ఆమె గడపలోనే కూలబడింది. మంచం మీది మనిషి కంటి నీళ్లు చెవిలోకి కారాయి.

“ఆయన మీకేమైతాడమ్మా?”

“ఏమీ కాడు. నీకు సెప్పలేదా?”

“తెలిసినోళ్లన్నాడు, అంతే.”

అంజినమ్మ మొగుడి వైపు చూసింది.

“దేవనకొండ కాడ ఈయప్ప దొంగ కాగితాలు పుట్టించి, కొట్టి తరిమి, తన పేర్న ఎక్కించుకున్న చేను ఆ ఏసేపన్నదేనప్పా, నాలుగెకరాల పదిహేడు సెంట్లు.”