మూతి మాటలు

గల్ఫులోని అజైబాలో ఓ తెల్లాయన ఇంట్లో గోడకు రంగు వేస్తున్న రాజేశం నిచ్చెన మీదే ఫక్కున నవ్వాడు.

కింద కంప్యూటర్లో మాటల్లేని పాత సినిమా ముక్క ఆడుతోంది. నూట ఇరవై ఏళ్ల కిందటి ఇంగ్లాండు, ఓ బట్టల మిల్లు గేటు. బయటికొస్తున్న నేతపని ఆడవాళ్లు కెమెరా వైపు చూసి పెదాలు కదుపుతున్నారు.

“ఎందుకు నవ్వావు?” అన్నాడు తెల్లాయన హిందీలో. తన ఊరి మిల్లుల చరిత్ర రాస్తున్నాడాయన. ఈ దృశ్యం కింద వేయడానికి ‘యజమానిని గౌరవంగా పలకరిస్తున్న కార్మికులు’ అన్న వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాడు. పుస్తకం రేపు అచ్చుకు పోవాలి.

“కెమెరా పట్టుకున్నాయన్ను ఆట పట్టిస్తున్నరు సార్.”

“నీకు ఇంగ్లీషు రాదుగా?”

“మాట రాదు సార్, మూతి తెలుసు. మా సిరిసిల్లల మరమగ్గాల చప్పుడుకు చెవులు పనిజెయ్యయి. మూతులతోనే మాట్లాడుకుంటం. సేటు షెడ్డులకు రాంగనే మేం గూడ మూతి గిట్లనే పెడ్తం. నమస్తే చెప్తున్నమనుకొని ఆయన తల ఊపుతడు.”

తెల్లాయన సినిమా ఆపాడు.

“ఆ కెమెరా పట్టుకున్నది మా ముత్తాత. మిల్లు ఆయనదే” అని, ఆ వాక్యం కొట్టేశాడు.

అప్పుడే కిటికీ అద్దం అవతల రంగు వేస్తున్న గంగన్న, రాజేశం ఊరివాడే, లోపలున్న తెల్లాయన్ను చూసి పెదాలు కదిపాడు.

“అతనేమంటున్నాడు?”

రాజేశం బ్రష్షును డబ్బాలో నిదానంగా ముంచాడు.

“గౌరవంగ నమస్తే చెప్తున్నడు సార్.”